పేదవాని వెండికి ముద్ర యేది?

2025వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీ నుండి భారత ప్రమాణముల సంస్థవారు వెండి నగలకును, వెండి సామానులకును ఆరు అక్షరాంకముల గుర్తింపు సంఖ్యతో గూడిన ముద్రను ప్రవేశపెట్టిరి. బంగారు నగలకు హాలుమార్కు 2021వ సంవత్సరము జూను నుండి విధి యయ్యెను. ఆరు అక్షరాంకముల సంఖ్య లేని బంగారు నగను అమ్మరాదని 2023 ఏప్రిల్ 1 నుండి శాసించిరి. వెండి విషయమున మాత్రము ఆ ముద్రను ప్రవేశపెట్టిననాడే అది ఐచ్ఛికమని ప్రకటించిరి. వర్తకునకు ఇష్టమైన వేయించును, ఇష్టము లేనిచో మానును. కొనువాని ఇష్టము నడిగిన వారు లేరు.

ఈ భేదమునకు కారణ మేమని విచారింపగా, బంగారము విలువగలది, వెండి చౌకది యను పాత యూహ తప్ప వేఱొకటి కానరాదు. ఆ చౌక మాటయైనను నేడు నిలుచునది కాదు. 2025లో కిలో వెండి ధర లక్ష రూపాయలను దాటి ఇంకను పైకి పోయినది. ఇంతకును, ఒకానొక లోహము ఎవరి యింట నున్నదో చూచి గదా దాని రక్షణ నేర్పఱుపవలసినది! కూలిచేసికొను కుటుంబమున బంగారము పుస్తెలకే సరిపోవును. కాలి పట్టీలు, మట్టెలు, బిడ్డ మొలత్రాడు, ఉగ్గుగిన్నె, కుంకుమభరిణ, ముసలిదాని దండకడియము - ఆ యింటి ధనమంతయు వెండియే. పైగా నడుమునకు దిగువ బంగారము ధరింపరాదను ఆచారము మనలో నుండుటచేత, ధనికుల యిండ్లలో సైతము కాలికి పెట్టునది వెండియే. ఇట్లు కోట్ల కొలది స్త్రీల కాళ్ళమీద నున్న లోహమునకు వన్నె యెంతయని చెప్పువారు లేరు.

వన్నె యనగానేమో ముందుగా తేటపఱచుట యవసరము. నేడు పట్టణములందలి నగల దుకాణములలో 'స్టెర్లింగు వెండి' యను మాట మాటిమాటికిని వినబడుచున్నది. చెవిపోగులమీదను, ఉంగరములమీదను 925 అను సంఖ్య కానవచ్చుచున్నది. దీనిని కొందఱు మేలైన విదేశపు వెండి యని భ్రమించుచున్నారు. మఱికొందఱు రాగి కలిసిన నాసిరకమని తలచుచున్నారు. రెండును సరికావు. 1000 పాళ్ళలో 925 పాళ్ళు వెండియు, మిగిలిన 75 పాళ్ళు ఇతర లోహమును, సామాన్యముగా రాగియు, కలిసిన మిశ్రమమే స్టెర్లింగు. వెండి యే దేశపు గనిలో పుట్టినను వెండియే.

రాగి కలుపనేల? శుద్ధమైన వెండి మిక్కిలి మెత్తనిది. దానితో చేసిన ఉంగరము వ్రేలిమీదనే సొట్టపోవును. గొలుసు కొక్కెము సాగిపోవును. రాతిని బిగించిన పళ్ళు వదులై రాయి జాఱిపోవును. కొంచెము రాగి కలిపినచో లోహమునకు గట్టిదన మబ్బును, తెల్లదనము చెడదు. అంతకంటె హెచ్చుగా కలిపినకొలదియు గట్టిదనముతోపాటు పసుపు ఛాయయు, నలుపెక్కు గుణమును పెరుగును. కావున నిత్యము వాడు నగకు 925 అనునది అనుభవముచే నేర్పడిన యొక మధ్యమార్గము. ఐనను అన్ని పనులకును అదియే తగినదనుట పొరపాటు. కరీంనగరమున కమ్మచ్చులో లాగి వెండ్రుకవంటి తీగెలు చేసి, వానిని మెలిపెట్టి, తాంబూలపు పెట్టెలను, పన్నీరుబుడ్లను అల్లుచున్న పనివారికి మెత్తని వెండియే కావలయును. రాగి హెచ్చైన తీగె వారి చేతిలో తెగిపోవును. 2007లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ విద్యకు శుద్ధియే ప్రాణము. ఏ పనికి ఏ వన్నె తగునో కంసాలికి తెలియును. మా వాదమంతయు ఒక్కటే: ఆ తెలిసిన సంగతిని కొనువానికిని తెలుపవలయును.

కలుపుట మోసము కాదు. చెప్పక కలుపుట మోసము. ఈ వివేకమునకై మనము పరదేశముల వంక చూడనక్కఱలేదు. కౌటిల్యుని యర్థశాస్త్రమున వెండి నాణెములో నాలుగవవంతు రాగి కలుపవలెనని స్పష్టముగా విధింపబడినది. గట్టిదనమునకై మఱియొక లోహమును పదునాఱవవంతు చేర్చవలెననియు కలదు. ఆ గ్రంథమే కంసాలులు లోహమును హరించు మార్గము లైదని చెప్పి, తప్పుడు త్రాసు మొదలుకొని ఒక్కొక్కదానిని వివరించి, ఆ పనులను కనిపెట్టుటకు రాజు ఒక అధ్యక్షుని నియమింపవలెనని చెప్పుచున్నది. మిశ్రమమును శాసనముచే నిర్ణయించిన చేయియే మోసమును శాసనముచే నిరోధించినది. కంసాలికులమునంతటిని దొంగలుగా జేసిన ఆ గ్రంథకర్త కాఠిన్యమును మేము సమర్థింపము. మూసలో నేమున్నదో కొనువానికి కానరాదు గనుక నడుమ నొక సాక్షి యుండవలెనను నంతవఱకే మా యంగీకారము.

ఇంగ్లండులో ఆ సాక్షి బహుకాలము నుండి కలదు. 1300వ సంవత్సరమున మొదటి ఎడ్వర్డు రాజు కాలపు శాసనము, వెండి సామాను నాణెపు వెండికంటె తక్కువ వన్నెగా నుండరాదనియు, పరీక్షించి చిఱుతపులి తల ముద్ర వేయనిదే అమ్మరాదనియు విధించెను. తరువాత 1478 నుండి పనివారు తమ వస్తువులను లండనునందలి స్వర్ణకార సంఘపు హాలునకు తెచ్చి ముద్ర వేయించుకొను నాచారము స్థిరపడెను. ఆ హాలులో పడిన మార్కు గనుకనే హాలుమార్కు. మనవారు నేడు బంగారముతో జోడించి పలుకు నీ మాట పుట్టుక యింతమాత్రమే.

ఇక్కడ నొక సంగతి గమనింపదగియున్నది. తమ దేశమున కొనువానికి ఏడువందల సంవత్సరములుగా నింత రక్షణ కల్పించుకొనిన జాతివారు ఈ దేశమును పాలించినంత కాలమును ఇచ్చటి వెండి నగలకు పరీక్షాశాల నొకదానిని నెలకొల్పలేదు, ముద్రను విధింపలేదు. స్టెర్లింగు మర్యాద సముద్రము దాటి రాలేదు.

ఐతే ఆ కాలమున మన గ్రామస్థునకు ఏ కొలబద్దయు లేకుండెనా యన్నచో, ఉండెను. అది రూపాయి. 1835 నాటి చట్టముచే స్థిరపడిన రూపాయి బరువు 180 గ్రెయినులు, అనగా సరిగా నొక తులము. అందులో 12 పాళ్ళకు 11 పాళ్ళు శుద్ధమైన వెండి. ఇది వేయింటికి 916 పాళ్ళపైచిలుకు. స్టెర్లింగునకు వెండ్రుకవాసి తక్కువ. గృహిణి యిరువది రూపాయలు కొంగున ముడివేసికొని వచ్చి కంసాలి ముందు పెట్టును. అతడు ఆమె కన్నులయెదుటనే వానిని మూసలో వేసి, కుంపటిమీద కరిగించి, దాకలిమీద సాగగొట్టి, కడియములు చేసి తూచి యిచ్చును. ఇరువది రూపాయలనగా నేటి లెక్కకు సుమారు 233 గ్రాములు. అందు శుద్ధమైన వెండి సుమారు 214 గ్రాములు. తరుగెంత, మజూరీ యెంత యని బేరము జరుగునే గాని, వన్నె యెంతయను ప్రశ్నయే పుట్టదు. టంకసాలవాడు దానికి ముందే జవాబు చెప్పియున్నాడు. నిజాము రాజ్యమున హాలిసిక్కా రూపాయి వేఱు. అందు వేయింటికి 818 పాళ్ళే వెండి. ఐనను అదియు నందఱెఱిగిన సంఖ్యయే గనుక తెలంగాణపు కంసాలియు, అతని యింటి ముందఱి రైతును దానిని బట్టియే లెక్క చూచుకొనిరి. కరిగించిన రూపాయియే ఆనాటి హాలుమార్కు.

ఈ కొలబద్దను విఱిచినది పరప్రభుత్వము. 1893 జూనులో కలకత్తా, బొంబాయి టంకసాలలలో ప్రజలు వెండి నిచ్చి రూపాయలు ముద్రింపించుకొను హక్కును రద్దుచేసిరి. రూపాయి విలువను ఒక షిల్లింగు నాలుగు పెన్నీలకు బిగించి నిలుపుటకై చేసిన యేర్పాటది. నాటి వఱకు తులము వెండికిని రూపాయికిని ఇంచుమించుగా నుండిన సామ్యము తెగిపోయెను. రూపాయి నిలిచెను, వెండి పడిపోయెను. శిస్తును, అప్పును రూపాయలలో చెల్లింపవలసిన రైతు తన యింటి కడియములను అమ్మబోవ, వాని విలువ తరిగియుండెను. దాదాభాయి నౌరోజీ ఈ విధానమును ఖండించిరి. 1898 నాటి ద్రవ్యవిచారణ సంఘము నెదుట రమేశచంద్ర దత్తు రైతు పక్షమున సాక్ష్యమిచ్చిరి. వారి మాట చెల్లలేదు. ఆ పిమ్మట 1940లో, యుద్ధకాలమున, రూపాయిలోని వెండిని సగమునకు దింపిరి. 1947లో రూపాయి నికెలు బిళ్ళ యయ్యెను. అంతటితో గ్రామస్థుని చేతనుండిన కొలబద్ద పూర్తిగా పోయినది.

పోయినదాని స్థానమున మన స్వరాజ్య ప్రభుత్వములైనను మఱియొకదానిని త్వరగా నిలిపినవా? వెండికి హాలుమార్కు పథకము మొదలైనది 2005లో. అదియు ఐచ్ఛికమే. మొదటి నుండియు పెద్ద దుకాణముల గాజుపెట్టెలలోని వస్తువులకే గాని, వారపు సంతలో అమ్ము పట్టీలకు ఆ ముద్ర కానరాలేదు. రూపాయి వెండి పోయిన నాటినుండి నేటివఱకు, మూడు తరముల స్త్రీలు కేవలము నమ్మకముమీద వెండిని కొనుచు వచ్చిరి.

ఆ నమ్మక మెట్లు ఫలించుచున్నదో లెక్క వేసి చూతము. ఒక తల్లి కుమార్తె పెండ్లికి 250 గ్రాముల పట్టీలు కొన్నదనుకొందము. అవి స్టెర్లింగైనచో అందలి వెండి 231 గ్రాములకు పైన. అవి 65 పాళ్ళ వన్నెవైనచో వెండి 162 గ్రాములన్నర మాత్రమే. తక్కిన 87 గ్రాములన్నర రాగియు, తుత్తునాగమును. చీటీలో మాత్రము 'వెండి పట్టీలు, 250 గ్రాములు' అని యుండును. ధర కట్టునది మొత్తము బరువునకు. దానిపై మజూరీ వేఱు, తరుగు వేఱు. ఐదేండ్ల పిమ్మట బిడ్డకు జబ్బుచేసి ఆ పట్టీలనే మార్చబోయిననాడు, అమ్మిన దుకాణదారుడే వానిని చేత నెగురవేసి, 'అమ్మా, ఇందులో కల్తీ యున్నది, టంచు అఱువదియైదే' యని పలుకును. కొన్ననాడు వెండి, అమ్మిననాడు కల్తీ! ఆనాడు ఎఱుగని వన్నె ఈనాడెట్లు తెలిసెనని యడుగుటకు ఆమె చేతిలో నేమున్నది? చీటీలో వన్నె మాటయే లేదు.

వన్నె తగ్గుటకు అన్నియెడల దురాలోచనయే కారణమని మేమనము. పట్టీ యనునది వందలకొలది చిన్న కడ్డీలను, మువ్వలను, కొక్కెములను అతికి చేయు వస్తువు. అతుకు పెట్టు లోహము నగకంటె ముందుగా కరుగవలయును; కావుననే అందు రాగి, తుత్తునాగము హెచ్చుగా నుండును. మంచి వెండితో మొదలుపెట్టినను, అతుకులు పెరిగినకొలది మొత్తముమీద వన్నె దిగును. నేర్పరియైన పనివాడు వెలిగారము చల్లి, ఊదుగొట్టముతో మంటను సూదిమొనవలె నిలిపి, కనబడీ కనబడని యతుకు పెట్టును. యంత్రమునకు పోటీగా రోజుకిన్ని జతలని పని చేయవలసినవాడు అతుకును ధారాళముగా పోయును. సేలము, ఆగ్రాలవంటి చోట్లనుండి బస్తాలతో వచ్చు పట్టీలలో నేదెంత వన్నెయో, వానిని అమ్ము మన యూరి చిల్లర వర్తకునకు సైతము రూఢిగా తెలియదు. అతడును టోకు వర్తకుని మాట నమ్మినవాడే. ఈ యజ్ఞానపు గొలుసులో చిట్టచివరి కొండి కొనువాడు. నష్టమంతయు దొరలివచ్చి వానిమీద పడుచున్నది.

మన యిండ్లలో ప్రచారమున నున్న పరీక్షలను గూర్చియు రెండు మాటలు చెప్పవలెను. పట్టీలు నల్లబడినచో వెండి మంచిది కాదని కొందఱు తగవు పెట్టుకొందురు. ఒంటి వేడిచేత నల్లబడినవని మఱికొందఱందురు. గాలిలోను, చెమటలోను ఉండు గంధకము వెండితో కలిసి నల్లని పొరగా నేర్పడును. అది వెండి స్వభావము. ఎన్నేండ్లకును నల్లబడని తళుకు నగ యున్నచో, దానిమీద రోడియమువంటి పూతయైన నుండవలెను, లేదా అది వెండి కాకయైన నుండవలెను. అయస్కాంతమున కంటుకొననిది వెండి యను పరీక్షయు నంతియే. రాగియు, ఇత్తడియు నంటుకొనవు. బరువుచేత తెలిసికొందమన్నను కష్టమే. నీటికంటె శుద్ధమైన వెండి పదిన్నర రెట్లు బరువు. స్టెర్లింగు దానికి మిక్కిలి చేరువ. ఆ స్వల్పభేదము అరచేతికి తెలియదు.

గీటురాయి బంగారము విషయమున నెంతయు నక్కఱకు వచ్చును గాని వెండి విషయమున తప్పుదారి పట్టించు నవకాశము కలదు. రాగి హెచ్చుగా కలిసిన నగను కాల్చి, పటికతోనో చింతపులుసుతోనో మరల మరల ఉడికించినచో పైపొరలోని రాగి కరిగిపోయి శుద్ధమైన వెండి చర్మమువలె మిగులును. చూపునకు మల్లెపూవువలె తెల్లగా నుండును. ఈ ప్రక్రియ నగకు శోభ తెచ్చుటకై అన్ని దేశములందును చేయునదే. కాని లోనిది దాచుటకు సైతము అక్కఱకు వచ్చును. నేడు దుకాణములలో పెట్టుకొనిన క్షకిరణ యంత్రములు సయితము పైపైని పలుచని పొరనే చదువగలవు. పూతపూసిన నగను అట్లే యంత్రము క్రింద పెట్టినచో, యంత్రము అబద్ధమాడకుండగనే మనుష్యుడు మోసపోవును. కావుననే నమ్మదగిన పరీక్షాశాలలో నగనుండి చిన్న ముక్క గీకి, ఆమ్లములో కరిగించి వెండిని లెక్కించు పద్ధతి నవలంబింతురు. ఇది గృహిణి వంటయింటిలో చేయు పని కాదు. నిజమును తెలిసికొను భారమును కొనువానిమీద మోపుట యెంత యన్యాయమో దీనిచేతనే విశదము కాగలదు.

పేళ్ళచేత జరుగు మోసము మఱియొకటి. 'జర్మను సిల్వరు' అను లోహమున వెండి రవ్వంతయు లేదు. అది రాగి, నికెలు, తుత్తునాగముల మిశ్రమము. నేడు తెలుగువారి పెండ్లిండ్లలోను, గృహప్రవేశములలోను వచ్చినవారికి పంచు పళ్ళెములు, భరిణలు పెక్కులు ఈ లోహముతో చేసినవే. తెలిసి యిచ్చుటలో దోషము లేదు. పుచ్చుకొనినవారు వెండి యని బీరువాలో భద్రము చేయుచున్నారు! 'ఆక్సిడైజ్డు వెండి' యని సంతలలో నమ్ము నల్లని నగలలోను తఱచుగా వెండి యుండదు. లంబాడీ స్త్రీల ఘుగ్రీ, టోప్లీవంటి తలనగలు పూర్వము తఱచుగా వెండివి. నేడు అవే రూపములు తెల్లలోహముతో పోతపోయబడుచున్నవి. తాతల నాటి వెండిని తూకమున కమ్మి, అదే ఆకారము గల యిత్తడివంటి దానిని కొనుచున్న తండాలలో సంపద యెట్లు కరుగుచున్నదో ఆర్థికవేత్తలు విచారింపదగును.

ఇక 925 అని చెక్కినంతమాత్రమున హాలుమార్కగునా? కాదు. ఆ సంఖ్యను ఎవడైనను సుత్తిదెబ్బతో వేయవచ్చును. భారత ప్రమాణముల సంస్థ ముద్రయు, వెండి యను మాటయు, వన్నె సంఖ్యయు, ఆరు అక్షరాంకముల గుర్తింపు సంఖ్యయు కలిసియున్నప్పుడే అది ముద్ర. ఆ గుర్తింపు సంఖ్యను సంస్థవారి ఫోను యాపులో వేసి, ఆ నగ యే పరీక్షాశాలలో నెప్పుడు పరీక్షింపబడెనో యెవరైనను చూచుకొనవచ్చును. 2025 నాటి సవరణలో 800, 835, 925, 958, 970, 990, 999 అను నేడు వన్నెల నంగీకరించిరి. ఇది వివేకమైన పని. 925 ఒక్కటే వెండి యని శాసించినచో అది మఱియొక దాస్యమై యుండెడిది. 800 వన్నె గల గిన్నెకు 800 అని వ్రాసి అమ్మవచ్చును. అందులో సిగ్గుపడవలసిన దేమియు లేదు. అంతేకాక, ముద్రవేసిన నగ వన్నె తక్కువయని తేలినచో, తగ్గిన లోహపు విలువకు రెండింతలును, పరీక్ష ఖర్చులును కొనువానికి చెల్లింపవలెనని 2018 నాటి నిబంధనలు చెప్పుచున్నవి. ఇంత చక్కని యాయుధమును తయారుచేసి, దానిని ఐచ్ఛికమను ఒఱలో పెట్టుట యేమి రాజనీతి?

పనివారి పక్షమున వినవచ్చు ఆక్షేపణలను మేము తేలికగా త్రోసివేయము. మట్టెల జత బరువు నాలుగైదు గ్రాములు. ఒక్కొక్కదానికి ముద్ర వేయించు ఖర్చు మజూరీని మించునేమో యని వారి భయము. కరీంనగరపు తీగెపనిలో ముద్ర వేయుటకు చదునైన చోటే యుండదు. పరీక్షాశాలలు పట్టణములందుండుటచేత, మారుమూల కంసాలి నాలుగు జతల మట్టెలు పట్టుకొని బస్సెక్కవలసివచ్చును. పెద్ద కంపెనీలకు ఈ ముద్ర ప్రచారసాధన మగును. ఒంటరి కుంపటివానికి ఉరి యగును. చేతిపనివాడు చచ్చిన తరువాత మిగులు శుద్ధివలన దేశమునకు లాభమేమి?

ఈ భయమునకు మందు ముద్రను మానుట కాదు, మినహాయింపులను తెలివితో నేర్పఱచుట. ఇంగ్లండులో 7.78 గ్రాములకు లోబడిన వెండి వస్తువులకు ముద్ర యక్కఱలేదు. దీనిని యథాతథముగా మనము తెచ్చుకొన్నచో మట్టెలన్నియు విడువబడును. పేదవానికి మరల రక్షణ లేకపోవును. మన దేశపు బంగారపు నియమములలో రెండు గ్రాములకు లోబడిన వస్తువులకును, ఏడాదికి 40 లక్షల లోపు వ్యాపారము గల వర్తకులకును మినహాయింపు కలదు. వెండికిని అట్టి చిన్న వ్యాపారి మినహాయింపు నిచ్చి, దానితోపాటు చీటీమీద వన్నెను వ్రాయు బాధ్యతను మాత్రము ఎవ్వరికిని మినహాయింపక యుండుట న్యాయము. వ్రాతకు ఖర్చు లేదు. ఒకే కరుగులోనుండి చేసిన మట్టెలకు గుంపుగా నొక పరీక్ష చాలును. తీగెపనికి నగమీద గాక, దానికి కట్టిన చిన్న వెండిబిళ్ళమీద ముద్ర వేయవచ్చును.

ఈ విషయము నింకను వాయిదా వేయుటకు వీలులేని మఱియొక కారణము కలదు. రిజర్వు బ్యాంకువారు 2025 జూనులో ప్రకటించిన నిబంధనలలో బంగారముతోపాటు వెండి నగలమీదను అప్పు లిచ్చుటకు క్రమమును నిర్ణయించి, 2026 ఏప్రిల్ 1 నాటికి దానిని పాటింపవలెననిరి. ఒక్కొక్కరు పది కిలోల వఱకు వెండి నగలను కుదువ పెట్టవచ్చును. రెండున్నర లక్షలకు లోబడిన యప్పునకు కుదువ వస్తువు విలువలో నూటికి 85 వఱకు ఇయ్యవచ్చును. వడ్డీవ్యాపారి యింటినుండి బ్యాంకు గడపకు నడచుటకు పేదకుటుంబమునకు దారి దొరకినది, సంతోషమే. కాని బ్యాంకువారు నగను తూచి, అసలు వన్నెను బట్టియే విలువ కట్టుదురు. ముద్ర లేని పట్టీలను పట్టుకొని పోయినవారి గతి యేమి? విలువ కట్టువాడు సందేహము తీఱునట్లు తక్కువ వన్నెనే వ్రాసికొనును. అమ్మినవాడు ఎక్కువగా చెప్పి తీసికొనినదానిని అప్పిచ్చువాడు తక్కువగా చెప్పి పుచ్చుకొనును. ఆ రెంటి నడుమ నున్న అంతరము ఆమె కూలిడబ్బు.

ప్రభుత్వమువారు వెండి ముద్రను వెంటనే దేశమంతటను విధి చేయజాలకపోవచ్చును. బంగారమునకైనను మొదట 256 జిల్లాలలో ప్రారంభించి క్రమముగా విస్తరించిరి. వెండికిని అట్లే చేయుదురు గాక. మొదట టోకు వర్తకులమీదను, యంత్రములతో పట్టీలు చేయించు కార్ఖానాలమీదను ముద్రను విధించినచో, చిల్లర వర్తకునికిని, ఒంటరి కంసాలికిని భారము లేకుండగనే మంచి సరకు గ్రామములకు చేరును. రెండవది, వెండి యని వ్రాసిన ప్రతి చీటీలోను మొత్తము బరువు, వన్నె, మజూరీ వేఱువేఱుగా చూపవలెనని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వముల తూనికలు కొలతల శాఖలు గట్టిగా పట్టుబట్టవలయును. మూడవది, ప్రతి జిల్లా కేంద్రమునను పాత వెండిని స్వల్ప రుసుముతో పరీక్షించి వన్నె వ్రాసియిచ్చు ఏర్పాటు కావలయును. స్త్రీల పొదుపు సంఘములు దీనికై ముందుకు వచ్చినచో పని సులభమగును.

స్వర్ణకార సంఘములవారితో మాకు విరోధము లేదు. వారి పెద్దలు తమంతట తాముగా ఒక్కొక్క యూరిలో కూడి, ఫలాని వన్నెకు తక్కువగా పట్టీలు చేయమని నిశ్చయించి, ఆ సంఖ్యను దుకాణము ముందు తెలుగక్షరములలో వ్రాసి కట్టుదురేని, ఢిల్లీనుండి వచ్చు ఉత్తరువుకై ఎదురుచూడవలసిన యవసరమే యుండదు. లండను పనివారు హాలు కట్టుకొనినది రాజు బలవంతముచేత మాత్రమే కాదు. దొంగ సరకువలన మంచి పనివాని బేరము చెడుచున్నదను తెలివిచేతను గూడ. రాబోవు మాఘ ఫాల్గునముల పెండ్లి ముహూర్తములలోపల మన పట్టణములలో నేయొక్క సంఘమైనను ఆ పని చేసెనేని, దాని ప్రకటనను ఈ పత్రికలో రుసుము లేకుండ ప్రచురించుటకు మేము సిద్ధముగా నున్నాము.